‘ఈక్విటబ్లీ’ అని రాసి ఇచ్చిన స్వీటు డబ్బా



ఈ వారం ఒక ఇంగ్లీషు మాట మీద రాస్తున్నాం. అయ్యగారు వాక్యం పక్కన పెట్టి ఇంగ్లీషు పాఠం మొదలుపెట్టారేమిటని అనుకోకండి. ఆ మాటకు మేము తప్పు అర్థం చెప్పాం. మేము చెప్పిన అర్థం పట్టుకుని వెళ్ళి మన సంఘపు పిల్లవాడొకడు పదిమందిలో నవ్వులపాలయ్యాడు. అది మేము తీర్చవలసిన అప్పు.

పండుగల ముందు ఒక ఆదివారం, ఆరాధన ముగిశాక, ఆ పిల్లవాడు ఫోనులో ఒక ఫొటో చూపించాడు. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో మూడేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. ఐటీఐ చదివాడు, ఇంగ్లీషు అక్షరాలు చదవగలడు, కానీ ఆ నోటీసులో ఒక్క మాట దగ్గర ఆగిపోయాడు. పండుగ ఎక్స్‌గ్రేషియాను అన్ని తరగతుల కార్మికులకూ ‘ఈక్విటబ్లీ’ పంచుతామని అందులో ఉంది.

“అయ్యగారు, గీ మాటకు అర్థమేంది? పర్మనెంటోళ్ళ లెక్కనే మాకు గూడ ఇస్తరా?” అన్నాడు.

అప్పుడు మేము ఒక ఇంటి ప్రార్థనకు బయలుదేరుతున్నాం. బండి తాళం చేతిలో ఉంది. “సమానంగా పంచుతారని బిడ్డా” అని చెప్పి వెళ్ళిపోయాం.

వాడు ఆ సంగతి తన షిఫ్టులో అందరికీ చెప్పాడు. పంచే రోజు వచ్చింది. పర్మనెంటు వాళ్ళ ఖాతాల్లో ఒక నెల జీతం దాకా పడింది. కాంట్రాక్టు వాళ్ళకు వెయ్యి రూపాయలు, ఒక స్వీటు డబ్బా. వీడు ఆఫీసులోకి వెళ్ళి నోటీసు చూపించి అడిగాడు. అక్కడి ఆయన కోప్పడలేదు, నవ్వాడట. “ఈక్వలీ అని రాయలేదు తమ్ముడూ, ఈక్విటబ్లీ అని రాశాం. రెండూ వేరు. అర్థం ఎవరు చెప్పారు నీకు?” అన్నాడట. వీడు మా పేరు చెప్పలేదు. ఆ మాట మాకు ఇంకా బరువుగా ఉంది.

నిఘంటువు లెక్కన ఆ ఆఫీసు ఆయన చెప్పింది నిజమే. ముందు అది ఒప్పుకుందాం. ‘ఈక్వలీ’ అంటే అందరికీ ఒకే కొలత. ‘ఈక్విటబ్లీ’ అంటే న్యాయం చూసి, ఎవరి పరిస్థితికి ఏది తగునో అది. మన ఇళ్ళలో అమ్మలకు ఈ తేడా చదువు లేకుండానే తెలుసు. జ్వరం పడి లేచిన పిల్లవాడికి గుడ్డు వేసి, మిగతావాళ్ళకు పప్పు వేస్తే అది పక్షపాతం కాదు. తెలుగులో ‘తగు’ అనే మాట ఉంది చూడండి, దాని నుంచే ‘తగవు’ వచ్చింది. పాత తెలుగులో తగవు అంటే న్యాయం. ఇప్పుడు తగవు అంటే కొట్లాట. ఏది తగునో అడగబోతే కొట్లాట అవుతుందని మన భాషకు ముందే తెలుసేమో అనిపిస్తుంది.

బైబిలులో రెండు కొలతలూ ఉన్నాయి. నిర్గమకాండము 30:15 చూడండి. ప్రాణ విమోచన కానుకగా ధనవంతుడు అర తులం కంటే ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు. అక్కడ ప్రాణం విలువ లెక్కలో ఉంది, కాబట్టి కొలత ఒక్కటే. లేవీయకాండము 5:7లో గొఱ్ఱెపిల్లను తేలేనివాడు రెండు గువ్వలు తెస్తే చాలు. మన ప్రభువు తల్లి తెచ్చినది కూడా ఆ బీదవాళ్ళ అర్పణే అని లూకా 2:24 వల్ల తెలుస్తుంది. అక్కడ మోయవలసిన భారం లెక్కలో ఉంది, కాబట్టి కొలత మారింది. కనానులో భూమి పంచినప్పుడు ఎక్కువ మంది ఉన్న గోత్రానికి ఎక్కువ, తక్కువ మంది ఉన్నవారికి తక్కువ (సంఖ్యాకాండము 26:54). దావీదు మాత్రం యుద్ధానికి వెళ్ళినవాడికీ సామాను దగ్గర కాపలా ఉన్నవాడికీ ఒకే పాలు అన్నాడు (1 సమూయేలు 30:24). ఆ రోజు దావీదు వెంట ఉన్నవాళ్ళలో కొందరు, వెనక ఉండిపోయినవాళ్ళకు పెళ్ళాం పిల్లలను అప్పగిస్తే చాలు, దోపుడు సొమ్ములో పాలెందుకు అన్నారు. వాళ్ళను లేఖనం దుర్మార్గులు అనే పిలిచింది.

ఇన్ని చోట్ల కొలత మారింది కదా. మారిన ప్రతిసారీ ఎటు మారిందో గమనించండి. లేనివాడి వైపు మారింది. మోయలేనివాడి వైపు, నోరులేనివాడి వైపు మారింది. ఉన్నవాడికి ఇంకొంచెం పెట్టి, లేనివాడి దగ్గర కొంచెం కోసి, దానికి దేవుని న్యాయం అని పేరు పెట్టిన చోటు ఒక్కటైనా చూపించండి. మేము వెతికాం. దొరకలేదు.

నోటీసులో ఆ మాట చేసిన పనికి మా అభ్యంతరం అందుకే. ‘ఈక్విటబ్లీ’ అనే మాట బలహీనుడి కోసం పుట్టింది. దాని వేరు లాటినులో ‘ఈక్వుస్’, అంటే ఎత్తుపల్లాలు లేని చదును. ఇంగ్లండులో ‘ఈక్విటీ’ పేరుతో వేరే న్యాయస్థానమే ఉండేది. మామూలు కోర్టులో చట్టం అక్షరాన్ని పట్టుకుని బీదవాడిని తోసేస్తే, వాడు రాజుగారి చాన్సలర్ దగ్గరికి వెళ్ళి మొర పెట్టుకునేవాడు. ఆ చాన్సలర్లు చాలాకాలం బిషప్పులే. అంటే ఈ మాట చర్చి పంచలో పెరిగిన మాట. అయితే అప్పుడే దానిలో ఒక లోపం బయటపడింది. పదిహేడో శతాబ్దంలో జాన్ సెల్డన్ అనే న్యాయ పండితుడు ఎగతాళి చేశాడు: ఈక్విటీని కొలవడం అంటే చాన్సలర్ పాదంతో గజం కొలవడం లాంటిదని, ఒకాయన పాదం పొడుగు, ఇంకొకాయన పాదం పొట్టి అని. పంచేవాడి మనసే కొలబద్ద అయితే జరిగేది అంతే. పటాన్‌చెరు నోటీసు బోర్డు మీద ఉన్నది ఆ పాదమే.

కాబట్టి ఆ ఆఫీసు ఆయన నవ్వినప్పుడు మన పిల్లవాడు అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. సరే సార్, ఈక్వలీ కాదు, ఈక్విటబ్లీయే. అయితే దేన్ని చూసి తూచారు? అవసరం చూసి తూస్తే అద్దె గదిలో నలుగురు కలిసి పడుకునే కాంట్రాక్టు కుర్రాడికి ఎక్కువ రావాలి. ప్రమాదం చూసి తూస్తే రియాక్టర్ పక్కన నిలబడేవాడికి ఎక్కువ రావాలి. పని చూసి తూస్తే ఒకే మిషను మీద ఒకే షిఫ్టు చేసిన ఇద్దరికీ ఒకటే రావాలి. ఏ తక్కెడలో వేసినా నెల జీతం ఒకరికి, స్వీటు డబ్బా ఇంకొకరికి అనే లెక్క తేలదు. తేలేది ఒక్క తక్కెడలోనే: ఎవరు అడగగలరు, ఎవరు అడగలేరు. దాన్ని న్యాయం అనకూడదు.

ఆ నోటీసులో ఇంకో మాట కూడా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ‘ఎక్స్‌గ్రేషియా’. అది లాటిను మాట, అర్థం ‘కృప నుండి’. మన మాటే! రోజూ పుల్పిట్ మీద చెప్పే మాట. కృప ఇచ్చేవాడి ఇష్టం, దాన్ని హక్కుగా అడగలేం, నిజమే. కానీ పౌలు రోమా 4:4లో ఏమంటున్నాడు? పనిచేసినవాడికి వచ్చే జీతాన్ని దానంగా ఎంచరు, అది ఋణం అంటున్నాడు. పాపికి దేవుడిచ్చేది కృప. కూలివాడికి యజమాని ఇచ్చేది బాకీ. బాకీకి కృప అని పేరు పెట్టడం మొదలైతే, ఇక అడిగినవాడు కృతజ్ఞత లేనివాడు అయిపోతాడు. చట్టం కూడా ఈ తేడా తెలిసే రాసింది. 1965 నాటి బోనస్ చట్టం అర్హులైన కార్మికులకు కనీసం 8.33 శాతం ఇవ్వాలని చెప్పింది. అది దయ కాదు, లెక్క. ఆ లెక్కకు పైన ఇచ్చేదాన్ని ఎక్స్‌గ్రేషియా అనుకోవచ్చు. అసలు లెక్క తీరిందా లేదా అన్నది ముందు చూసుకోవాలి కదా.

మెదక్ గుడి కథ మన తాతలు చెప్పేవారు. 1914 నుంచి 1924 దాకా కట్టారు, కరువు రోజుల్లో పాస్నెట్ దొర పని చూపించి అన్నం పెట్టాడు అని. మేము కూడా ఆ కథ చెప్పి ప్రసంగాలు చేశాం. ఇప్పుడు ఒక్క సవరణ చేస్తున్నాం. ఆ రాళ్ళు మోసినవాళ్ళకు దక్కిన అన్నం దయ కాదు, వాళ్ళ కూలి. దొరగారి మంచితనం పని చూపించడంలో ఉంది, అన్నం పెట్టడంలో లేదు.

ఇక కొలొస్సయులకు 4:1. యజమానులతో పౌలు మాట్లాడుతున్న వచనం. మన తెలుగు బైబిలు అక్కడ న్యాయం, ధర్మం అనే రెండు మాటలు పెట్టింది. ఇంగ్లీషులో కొత్త అనువాదాల్లో ఒకటి ‘జస్ట్‌లీ’, ‘ఫెయిర్లీ’ అంటుంది. సెమినరీలో మాకు వచ్చిన గ్రీకు కొద్దిగానే, అయినా ఈ రెండో మాట దగ్గర నిఘంటువు తెరవక తప్పలేదు. అక్కడ గ్రీకులో ఉన్నది ‘ఇసొతేస్’, అంటే సమానత్వం. అదే మాటను పౌలు 2 కొరింథీయులకు 8:13-14లో రెండుసార్లు వాడాడు. అక్కడ మన్నా సంగతి గుర్తుచేస్తాడు: ఎక్కువ కూర్చినవాడికి మిగలలేదు, తక్కువ కూర్చినవాడికి తక్కువ కాలేదు. పాత కింగ్ జేమ్స్ అనువాదకులు కొలొస్సయులలో దాన్ని ‘ఈక్వల్’ అనే రాశారు. అంటే నాలుగు వందల ఏళ్ళ కింద రాజుగారి అనువాదకులు రాయడానికి భయపడని మాట, ఈ రోజుల్లో ‘ఫెయిర్లీ’గా మెత్తబడింది. దాసులకూ యజమానులకూ పూర్తి సమానత్వం అని పౌలు ఉద్దేశమా, న్యాయమైన వ్యవహారమా అని పండితులు వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి. కానీ ఆ మాటలో సమానత్వం వాసన లేనట్టు చదవడం మాత్రం కుదరదు.

‘ఫెయిర్లీ’ గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళ్తాం. మన పిల్లల ప్రోగ్రెస్ రిపోర్టులో ‘ఫెయిర్లీ గుడ్’ అని వస్తే అర్థం ఏమిటి? పర్వాలేదు అని. న్యాయంగా అనే మాట అరిగి అరిగి ‘పర్వాలేదు’ దగ్గరికి వచ్చింది. దాని తల్లి మాట ‘ఫెయిర్’ మన పెళ్ళి సంబంధాల్లో తెల్ల ఒళ్ళు అయి కూర్చుంది. ఆ పేరుతో అమ్మిన క్రీము కంపెనీవాళ్ళే 2020లో సిగ్గుపడి పేరు మార్చుకున్నారు. మన విశ్వాసుల సంబంధాల వాట్సప్ గ్రూపులో మాత్రం ఇంకా మారలేదు.

ఇప్పుడు మన సంఘంలోని ఒక పెద్ద గారికి జవాబు. ఆయన ఒక ప్లాంటులో సూపర్‌వైజరు, మేమంటే ప్రేమ ఉన్నవారు. ఈ సంగతి మేము ప్రార్థన కూడికలో ఎత్తగానే రాత్రికి మెసేజ్ పెట్టారు. ఫ్యాక్టరీ గొడవలు గుళ్ళోకి తేవద్దని, కంపెనీలు నడుస్తున్నాయి కాబట్టే కానుకల సంచి నిండుతోందని, ప్రభువే ద్రాక్షతోట ఉపమానంలో యజమానికి తన సొంతదానితో ఇష్టమొచ్చినట్టు చేసే హక్కు ఉందన్నాడని రాశారు.

అయ్యా, మీరంటే మాకు గౌరవం. కానీ మత్తయి 20 మీరు చివర్నుంచి చదివారు. మొదటి నుంచి చదువుదాం. తెల్లవారుతూనే అడ్డా మీదికి వెళ్ళిన యజమాని ఒక దేనారానికి ఒడంబడిక చేసుకున్నాడు. మాట ఇచ్చినంతా ఇచ్చాడు, పైసా కోయలేదు. సాయంత్రం అయిదింటికి ఇంకా నిలబడి ఉన్నవాళ్ళను ఎందుకు ఊరకే నిలబడ్డారని అడిగితే, మమ్మల్ని ఎవరూ పిలవలేదు అన్నారు. పటాన్‌చెరులో, ఇస్నాపూర్‌లో పొద్దున అడ్డా మీద నిలబడి, తొమ్మిది దాటాక టిఫిన్ డబ్బా పట్టుకుని తిరిగి గదికి పోయేవాళ్ళను మీరు రోజూ చూస్తారు. ఆ యజమాని అలాంటివాళ్ళకు గంట పనికి రోజు కూలి ఇచ్చాడు, ఎందుకంటే ఇంట్లో ఆకలి గంట లెక్కన ఉండదు. తన సొంతదానితో ఇష్టమొచ్చినట్టు చేయడం అంటే ఆయన దృష్టిలో ఎక్కువ ఇవ్వడం. ఆ వచనాన్ని తక్కువ ఇవ్వడానికి వాడుకుంటే, ఉపమానంలో సణిగినవాళ్ళ పక్కన నిలబడినట్టే. అందరినీ మాతో సమానం చేశావేమిటని సణిగింది వాళ్ళే కదా.

ఇంకో సంగతి. కాంట్రాక్టు వేరు, పర్మనెంటు వేరు, చట్టమే ఒప్పుకుంది అని అంటారు. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద వచ్చిన 1971 కేంద్ర నియమాల్లో 25వ నియమం ఏమంటుందో అడిగి తెలుసుకోండి. ప్రధాన యజమాని నేరుగా పెట్టుకున్నవాళ్ళు చేసే పనే కాంట్రాక్టు మనిషి చేస్తే అదే వేతనం ఇవ్వాలని అందులో ఉంది. 2016 అక్టోబరు 26న సుప్రీంకోర్టు, పంజాబ్ ప్రభుత్వపు తాత్కాలిక ఉద్యోగుల కేసులో, ఒకే పనికి తక్కువ జీతం ఇవ్వడం మనిషి గౌరవాన్ని దెబ్బతీసే దోపిడీ అనే అర్థం వచ్చేలా తీర్పు చెప్పింది. అది ప్రభుత్వ ఉద్యోగాల సంగతి, ప్రైవేటు ఫ్యాక్టరీకి నేరుగా తగిలించలేం. 2025 నవంబరు 21 నుంచి పాత చట్టాల చోట కొత్త లేబర్ కోడ్లు కూడా వచ్చాయి. మేము వకీళ్ళం కాదు. సంగారెడ్డి లేబర్ ఆఫీసు గుమ్మం ఎక్కడం పాపం కాదు అని మాత్రం చెప్పగలం.

పెద్ద గారూ, ఫ్యాక్టరీని గుళ్ళోకి తెచ్చింది మేము కాదు. 2025 జూన్ 30 పొద్దున పాశమైలారంలో ఆ పేలుడు జరిగినప్పుడు అది దానంతట అదే మన గుళ్ళోకి వచ్చింది. నలభై మందికి పైగా పోయారు. ఎక్కడెక్కడి నుంచో, ఒడిశా నుంచి, బీహారు నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి బతకడానికి వచ్చినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. ఎవరు ఎవరో తెలియడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయవలసి వచ్చింది. కొందరి శరీరాలు ఇంటివాళ్ళకు దక్కనే లేదు. మన సంఘంలో ఆ వారమంతా ప్రార్థన చేశాం, కానుక ఎత్తాం. ద్వితీయోపదేశకాండము 24:14-15 కూలివాడి గురించి చెప్పేటప్పుడు, వాడు నీ సహోదరుడైనా, నీ గ్రామంలో ఉన్న పరదేశి అయినా అని ఎందుకు చేర్చిందో మాకు ఆ రోజు తెలిసింది. మోషేకు పాశమైలారం తెలియదు. కానీ దూరపు ఊరి నుంచి వచ్చినవాడి తరఫున అడిగే బంధువు గేటు దగ్గర ఉండడని తెలుసు. చనిపోయాక అందరికీ ఒకే కొలత అంటాం. బతికి ఉండగా స్వీటు డబ్బా దగ్గర తరగతులు ఎందుకు?

ఆదిమ సంఘంలో కూడా పంచుడు గొడవ వచ్చింది. అపొస్తలుల కార్యములు 6లో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపిణీలో అన్యాయం జరిగింది. అపొస్తలులు ఏం చేశారు? ఈక్విటబ్లీగానే పంచుతున్నామని నోటీసు పెట్టలేదు. సణిగేవాళ్ళు ఆత్మలో బలహీనులని ప్రసంగం చేయలేదు. ఏడుగురిని ఏర్పరచమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. గరిటె తీసుకెళ్ళి ఎవరికి అన్యాయం జరిగిందో ఆ వైపు వాళ్ళ చేతిలోనే పెట్టారు. ఆ మాటకు ఇంతకంటే మంచి అర్థం ఏ నిఘంటువులోనూ మేము చూడలేదు. పంచే బల్ల దగ్గర కాంట్రాక్టువాళ్ళ మనిషి ఒకడు కూర్చుంటే ఆ నోటీసులో ఏ మాట రాసినా మాకు పేచీ లేదు.

ఇంత రాశాక మన ఇంటి సంగతి దాచడం కుదరదు. గత నెల సంఘం చిట్టా పుస్తకం తిరగేశాం. కీబోర్డు వాయించే తమ్ముడికి నెలకు నాలుగు ఆదివారాలకు మూడు వేలు ఇస్తున్నాం. వారానికి మూడు రోజులు గుడి ఊడ్చి, నీళ్ళు మోసి, చాపలు ఉతికే అక్కకు పన్నెండు వందలు. పైగా ఆమె పేరు ఎదురుగా ‘ప్రేమ కానుక’ అని రాసి ఉంది. ఆ అక్షరాలు మావే. ఎక్స్‌గ్రేషియాకు తెలుగు చేసింది మేమే అన్నమాట! తొమ్మిదేళ్ళుగా ఆమె అడగలేదు, కాబట్టి మేము పెంచలేదు. కీబోర్డు తమ్ముడు రెండుసార్లు అడిగాడు, రెండుసార్లు పెంచాం.

మన పిల్లవాడిని పోయిన శుక్రవారం ఇంటికి పిలిచి, అమ్మగారు టీ ఇస్తుండగా, తప్పు చెప్పామని క్షమాపణ అడిగాం. “మీదేం తప్పులేదు అయ్యగారు, వాళ్ళే గట్ల రాసిండ్రు” అన్నాడు. తర్వాత జేబులోంచి ఒక కాగితం తీశాడు. తనతో పాటు ఇరవై ముగ్గురు సంతకాలు పెట్టిన అర్జీ. ఎక్స్‌గ్రేషియా పంచడానికి ఏ లెక్క వాడారో రాసి ఇవ్వమని అందులో అడిగారు. తెలుగులోనే రాశారు. ఆఖరి సంతకం వేలిముద్ర, ఒడియా మనిషిదట. ఇంగ్లీషులోకి మార్చి ఇవ్వమని మమ్మల్ని అడిగాడు. ఈసారి బండి తాళం పక్కన పెట్టి, నిఘంటువు తీసుకుని కూర్చున్నాం. రాత్రి పదకొండు దాటింది.

గుడి అక్క జీతం సంగతి వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత కమిటీ ముందు పెడుతున్నాం. చిట్టా పుస్తకం తీసుకురమ్మని కార్యదర్శికి చెప్పాం. మాట్లాడేటప్పుడు ఆ అక్క కూడా కూర్చుంటుంది, ఆమెకు కుర్చీ వేయమని కూడా చెప్పాం.